మోటార్‌కి వోల్టేజీ ఎందుకు రావట్లేదు: ఒక హెచ్-బ్రిడ్జ్ సిమ్యులేషన్ డైరీ

సోమవారం

చక్రాల బండి ప్రాజెక్టు చేస్తున్న ఒక అమ్మాయి తన మోటార్ డ్రైవర్ సర్క్యూట్ ఎల్‌టీస్పైస్ (సర్క్యూట్ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్) ఫైలు పంపింది. దాంతో పాటు ఒక మెసేజ్: "సార్, సిమ్యులేషన్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతోంది. ఎలాగోలా నడిపించినా మోటార్‌కి వోల్టేజీ రావట్లేదు. పార్టులన్నీ దగ్గరే ఉన్నాయి. సోల్డరింగ్ మొదలుపెట్టేయనా?"

ఇప్పుడే వద్దన్నాను. సిమ్యులేషన్‌లో తిరగని మోటార్ బోర్డు మీద తిరుగుతుందని ఆశపడటానికి కారణమేమీ లేదు. పైగా అక్కడ తప్పు పడితే పార్టులు కాలతాయి, ఇక్కడైతే గీత మారుతుందంతే.

ఆమె ఏం కట్టిందో ముందు రాసుకుంటాను. మోటార్ 12 వోల్టుల డీసీ బ్రష్‌ మోటార్. బండి మామూలుగా నడిచేటప్పుడు 2 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. మల్టీమీటర్‌తో వైండింగ్ కొలిస్తే 1.5 ఓమ్‌లు వచ్చిందట, అందుకని సిమ్యులేషన్‌లో మోటార్ స్థానంలో 1.5 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టింది. మోటార్ ఒక్కో కొనకీ పైన ఒకటి, కింద ఒకటి చొప్పున నాలుగు ఎలక్ట్రానిక్ స్విచ్‌లు పెట్టి, మోటార్‌ని రెండు దిశల్లోనూ తిప్పే అమరికే హెచ్-బ్రిడ్జ్. ఆమె బ్రిడ్జ్‌లో నాలుగూ ఐఆర్‌ఎఫ్540ఎన్ మాస్‌ఫెట్‌లే (స్విచ్‌లా వాడే ట్రాన్సిస్టర్లు), అంటే అన్నీ ఎన్-చానెల్. మాస్‌ఫెట్‌ని ఆన్, ఆఫ్ చేసే కాలు గేటు, కరెంటు బయటికొచ్చే కాలు సోర్స్; గేటు వోల్టేజీ సోర్స్ కంటే తగినంత పైన ఉంటే ఎన్-చానెల్ ఆన్ అవుతుంది. ఒక్కో గేటుకీ 100 ఓమ్‌ల రెసిస్టర్ మీదుగా 5 వోల్టుల పల్స్ సోర్స్ ఇచ్చింది, అది మైక్రోకంట్రోలర్ పిన్‌కి బదులు. గేటుకీ గ్రౌండ్ గుర్తుకీ మధ్య పుల్‌డౌన్ రెసిస్టర్ (గేటుని సున్నా వైపు లాగి ఉంచేది) ఉంది. పీడబ్ల్యూఎం (మోటార్ వేగం మార్చడానికి స్విచ్‌ని వెంటవెంటనే ఆన్, ఆఫ్ చేసే పద్ధతి) 20 కిలోహెర్ట్జ్, సప్లై పక్కన 470 మైక్రోఫారడ్ల కెపాసిటర్. గీసిన తీరు శుభ్రంగా ఉంది, నోడ్‌లకి (వైర్లు కలిసే చోట్లకి) పేర్లు పెట్టింది. ఆ పేర్లున్న ఫైలులో తప్పు వెతకడం సగం తేలిక.

ఎర్రర్ సంగతి త్వరగానే తేలింది. పల్స్ సోర్స్‌లకి గ్రౌండ్ గుర్తు ఉంది, 12 వోల్టుల సప్లై నెగటివ్‌కి లేదు. స్పైస్ (ఎల్‌టీస్పైస్‌కి మూలమైన ప్రోగ్రాం) ప్రతి నోడ్ వోల్టేజీనీ సున్నా నోడ్‌తో, అంటే గ్రౌండ్‌తో, పోల్చి లెక్కగడుతుంది. సర్క్యూట్‌లో ఒక ముక్కకి సున్నాతో ఏ సంబంధమూ లేకపోతే దాని వోల్టేజీ ఇంత అని చెప్పడానికి సమీకరణాల్లో ఆధారమే ఉండదు, అందుకే సింగులర్ మ్యాట్రిక్స్ అని ఆగిపోతుంది. దాన్ని సాఫ్ట్‌వేర్ గోల అని కొట్టిపారేయకూడదు. బోర్డు మీద కూడా మైక్రోకంట్రోలర్ గ్రౌండ్, మోటార్ సప్లై గ్రౌండ్ కలపకపోతే గేటుకి ఇచ్చే 5 వోల్టులకి అర్థమే ఉండదు. ఆ ఎర్రర్ ఒక వైరు గురించి ముందుగానే చెప్పింది.

గ్రౌండ్ కలిపాక సిమ్యులేషన్ నడిచింది. మోటార్‌కి మాత్రం ఏమీ రాలేదు. కింది మాస్‌ఫెట్ గేటు చూస్తే 50 మైక్రోవోల్టులు! పల్స్ సోర్స్ దగ్గర 5 వోల్టులు సరిగ్గానే ఉన్నాయి, 100 ఓమ్‌లు దాటేసరికి మాయం. అంటే గేటు నుంచి ఏదో మొత్తం గుంజుకుంటోంది. అక్కడున్నది పుల్‌డౌన్ ఒక్కటే. విలువ దగ్గర "1ఎం" అని ఉంది.

ఆమె ఉద్దేశం ఒక మెగా ఓమ్. స్పైస్ చదివింది ఒక మిల్లీ ఓమ్. 1973లో బర్క్‌లీలో పుట్టినప్పటి నుంచీ స్పైస్‌కి పెద్దక్షరం, చిన్నక్షరం తేడా లేదు. ఎం అంటే ఎప్పుడూ మిల్లీయే. మెగా కావాలంటే ఎం, ఇ, జి మూడక్షరాలూ రాయాలి. 5 వోల్టులు 100 ఓమ్‌లు, 1 మిల్లీ ఓమ్ మధ్య పంచుకుంటే సరిగ్గా 50 మైక్రోవోల్టులే వస్తాయి. లెక్క ఇంత కచ్చితంగా కుదిరితే ఇక అనుమానం అక్కర్లేదు. ఇలాంటిదే ఇంకోటి ఉంది: కెపాసిటర్‌కి "1ఎఫ్" అని రాస్తే ఒక ఫారడ్ అనుకుంటాం, అది ఫెమ్టో అని తీసుకుంటుంది. పుల్‌డౌన్ 10 కిలో ఓమ్‌లకి మార్చమన్నాను. ఒక మెగా ఓమ్ అయినా అక్కడ అనవసరంగా ఎక్కువే. మైక్రోకంట్రోలర్ రీసెట్‌లో ఉన్నప్పుడు గేటుని గట్టిగా కిందికి పట్టుకునేంత బలం దానికి ఉండాలి.

మంగళవారం

ఇవాళే అసలు విషయానికొచ్చాం. గేట్లకి 5 వోల్టులు అందుతున్నాయి, మోటార్ మీద సుమారు ఒక వోల్టే వస్తోంది. రాత్రి ఆమె గేటు పల్స్‌ని 12 వోల్టులకి పెంచి చూసిందట. మోటార్ మీద ఏడున్నర దాకా వచ్చింది, అంతకు మించి కదలడం లేదు.

"గేటు మీద పూర్తిగా 12 వోల్టులు ఉన్నాయి సార్, వేవ్‌ఫామ్ చతురస్రంలా నీట్‌గా ఉంది. అయినా మాస్‌ఫెట్ పూర్తిగా ఆన్ కావట్లేదు. మోడల్ తప్పేమో?"

"ఆ 12 వోల్టులు ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచావు?"

"గేటు నోడ్ మీద ప్రోబ్ పెట్టాను."

"అంటే గ్రౌండ్ నుంచి గేటుకి. మాస్‌ఫెట్‌కి గ్రౌండ్ ఎక్కడుందో తెలియదమ్మా. దానికి తన సోర్స్ ఒక్కటే తెలుసు."

నిచ్చెన మీదున్న మనిషి ఎత్తు నేల నుంచి కొలిస్తే వచ్చేది ఆ మనిషి ఎత్తు కాదు. హై సైడ్ (పై) మాస్‌ఫెట్ సోర్స్ మోటార్‌కి కలిసి ఉంటుంది. మాస్‌ఫెట్ ఆన్ కావడం మొదలవగానే మోటార్ వైపు వోల్టేజీ పైకి లేస్తుంది, దాంతో పాటే సోర్సూ లేస్తుంది. గేటు 12 దగ్గరే ఉంటే గేటుకీ సోర్స్‌కీ మధ్య తేడా తగ్గుతూ పోతుంది. ఆ తేడా నాలుగు వోల్టుల చిల్లరకి వచ్చేసరికి మాస్‌ఫెట్ ఇక అంతకంటే ఎక్కువ తెరుచుకోదు. దీన్ని సోర్స్ ఫాలోయర్ అంటారు. గేటు ఎంతుంటే దానికి ఓ నాలుగు వోల్టులు కింద సోర్స్ ఆగిపోతుంది. 5 ఇస్తే ఒకటి, 12 ఇస్తే ఎనిమిదికి కాస్త అటూఇటూ. ఆమె చూసిన రెండు అంకెలూ ఇదే చెబుతున్నాయి. మోడల్‌ది ఏ తప్పూ లేదు.

ఐఆర్‌ఎఫ్540ఎన్ డేటాషీట్‌లో థ్రెషోల్డ్ 2 నుంచి 4 వోల్టులు అని రాసి ఉంటుంది. చాలామంది అది చూసి 5 వోల్టులు చాలనుకుంటారు. థ్రెషోల్డ్ అంటే 250 మైక్రోఆంపియర్లు మొదలయ్యే చోటు, అంతే. అందరూ గొప్పగా చెప్పుకునే 44 మిల్లీ ఓమ్‌ల ఆన్ రెసిస్టెన్స్ పక్కన చిన్న అక్షరాల్లో గేట్-సోర్స్ వోల్టేజీ 10 అని ఉంటుంది. ఆ షరతు నెరవేర్చకపోతే ఆ 44ని నమ్ముకోకూడదు.

ఎల్‌టీస్పైస్‌లో రెండు నోడ్‌ల మధ్య తేడా చూడటం తేలిక. మొదటి నోడ్ మీద మౌస్ నొక్కి పట్టుకుని రెండో నోడ్ దాకా లాగి వదిలితే చాలు. ఆమె లాగి చూసింది. నీట్‌గా కనబడిన 12 వోల్టుల చతురస్రం కాస్తా నాలుగు వోల్టుల చిల్లర పొట్టి గీతైపోయింది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కింది మాస్‌ఫెట్‌లకి ఈ ఇబ్బంది లేదు కదా సార్? వాటి సోర్స్ గ్రౌండ్‌కే ఉంది," అంది. సరిగ్గా పట్టుకుంది.

ఆ ఏడున్నర వోల్టులతోనే సర్దుకుంటే ఏమవుతుందో కూడా చూపించాను. కరెంటు 5 ఆంపియర్లు. పై మాస్‌ఫెట్ మీద నాలుగు వోల్టుల పైన నిలుస్తోంది. అంటే అది ఒక్కటే 20 వాట్ల పైన వేడి పుట్టిస్తోంది. హీట్‌సింక్ లేకపోతే ఈ ప్యాకేజీ ఒక్కో వాటుకీ 62 డిగ్రీలు ఎక్కుతుంది, భరించే గరిష్ఠం 175 డిగ్రీలు. బోర్డు మీదైతే కొద్ది క్షణాల్లో పోయేది. సిమ్యులేషన్‌లో మాత్రం ఏడాదైనా అలాగే నడుస్తుంది, మనం అడిగితే తప్ప పవర్ ఎంతో చెప్పదు. అందుకని ప్రతి మాస్‌ఫెట్ మీదా పవర్ గీత పెట్టుకోవడం ఇవాళ్టి నుంచి మా నియమం. ఆల్ట్ కీ పట్టుకుని పార్టు మీద నొక్కితే వస్తుంది.

బుధవారం

దారులు ఏమున్నాయో కూర్చుని చూశాం.

ఆమె మొదటి ప్రశ్న: "ఎల్298 పెట్టేస్తే అయిపోదా సార్?" అది పాతకాలపు బైపోలార్ ట్రాన్సిస్టర్ల మోటార్ డ్రైవర్ ఐసీ. ఒక ఆంపియర్ దగ్గర పైన, కింద కలిపి 1.8 నుంచి 3.2 వోల్టులు తినేస్తుంది. 2 ఆంపియర్ల దగ్గర 4.9 దాకా పోవచ్చు. ఈ మోటార్ ఇరుక్కుంటే 8 ఆంపియర్లు లాగుతుంది. దీనికి అది పనికిరాదు.

రెండో దారి, పైన పీ-చానెల్ (గేటు సోర్స్ కంటే కిందికి దిగితే ఆన్ అయ్యే రకం). నాకు ఇష్టమైన దారే, 12 వోల్టుల సప్లైకి సులువు కూడా. గేటుని గ్రౌండ్‌కి లాగితే ఆన్, పుల్అప్ రెసిస్టర్ పైకి లాగితే ఆఫ్. చిక్కు ఆ పుల్అప్ దగ్గరే. పీ-చానెల్ మాస్‌ఫెట్ ఐఆర్‌ఎఫ్9540ఎన్ ఇన్‌పుట్ కెపాసిటెన్స్ 1300 పికోఫారడ్లు. 10 కిలో ఓమ్‌ల పుల్అప్ పెడితే టైమ్ కాన్‌స్టంట్ 13 మైక్రోసెకన్లు. పీడబ్ల్యూఎం పీరియడే 50 మైక్రోసెకన్లు! ఆఫ్ కావడానికే అందులో పెద్ద ముక్క పోతుంది. పై మాస్‌ఫెట్‌లని దిశ మార్చడానికే వాడి, పీడబ్ల్యూఎం కింది వాటికే ఇస్తే ఇది చక్కగా నడుస్తుంది. కానీ ఆమె దగ్గర నాలుగూ ఎన్-చానెల్ ఉన్నాయి, పై గేటుని సప్లై కంటే పైకి లేపే బూట్‌స్ట్రాప్ ఎలా పనిచేస్తుందో నేర్చుకోవాలనీ ఉంది. కాబట్టి ఐఆర్2104 హాఫ్-బ్రిడ్జ్ డ్రైవర్లు (ఒక్కోటీ ఒక పై, ఒక కింది మాస్‌ఫెట్ గేట్లని నడిపే ఐసీ) రెండు.

బూట్‌స్ట్రాప్ సూత్రం ఇది. కింది మాస్‌ఫెట్ ఆన్‌లో ఉన్నప్పుడు మధ్య నోడ్ (పై, కింది మాస్‌ఫెట్‌లు కలిసే చోటు) గ్రౌండ్ దగ్గర ఉంటుంది. అప్పుడు 12 వోల్టుల సప్లై ఒక డయోడ్ ద్వారా ఒక చిన్న కెపాసిటర్‌ని నింపుతుంది. కిందిది ఆఫ్ అయి పైది ఆన్ కావాల్సినప్పుడు డ్రైవర్ ఆ కెపాసిటర్‌నే పై మాస్‌ఫెట్ గేటుకీ సోర్స్‌కీ మధ్య పెడుతుంది. సోర్స్ పైకి లేస్తే కెపాసిటరూ దానితోనే లేస్తుంది. గ్రౌండ్ నుంచి కొలిస్తే గేటు 23 వోల్టుల దగ్గర కనబడుతుంది, సప్లై 12 మాత్రమే అయినా! నిన్న నాలుగు దగ్గర ఇరుక్కున్న తేడా ఇప్పుడు 11 మీద స్థిరంగా నిలబడింది. మోటార్ రెసిస్టర్ గుండా ఏడున్నర ఆంపియర్లు వస్తున్నాయి, పై మాస్‌ఫెట్ మీద రెండున్నర వాట్లు. ఆ గీత చూసి ఆమె ఎంత సంతోషపడిందో నేనూ అంతే సంతోషపడ్డాను. ఏడున్నర ఆంపియర్లంటే మోటార్ ఇరుక్కున్నప్పటి సంగతి. ఆ స్థితి కొనసాగితే రెండున్నర వాట్లకీ హీట్‌సింక్ కావాలని డైరీలో గుర్తు పెట్టుకుంది. మామూలుగా నడిచే 2 ఆంపియర్ల దగ్గర 0.2 వాట్లు కూడా లేదు.

ఎల్‌టీస్పైస్‌తో పాటు వచ్చే లైబ్రరీలో ఈ ఐసీ లేదు. ఎక్కడి నుంచో ఫైలు తెచ్చి అతికించే బదులు డ్రైవర్‌ని మేమే చిన్న చిన్న స్విచ్‌లతో కట్టుకున్నాం. డేటాషీట్‌లో గేటుకి ఇచ్చే కరెంటు కనీసం 130 మిల్లీఆంపియర్లు, లాగేది 270. వాటికి తగ్గట్టు స్విచ్ రెసిస్టెన్స్‌లు 90 ఓమ్‌లు, 45 ఓమ్‌లు. ఇలా కట్టుకోవడంలో ఒక లాభం ఉంది, లోపల ఏముందో మనకి తెలుస్తుంది. దాని ప్రమాదం రేపటి పేజీలో.

బూట్‌స్ట్రాప్ కెపాసిటర్ విలువ ఆమె 10 నానోఫారడ్లు పెట్టింది. ఐఆర్‌ఎఫ్540ఎన్ గేటు పూర్తిగా నిండటానికి గరిష్ఠంగా 71 నానోకూలుంబ్‌లు కావాలి. 10 నానోఫారడ్లు అంత ఇస్తే తన దగ్గర పెద్దగా ఏమీ మిగలదు. గేటూ, కెపాసిటరూ ఛార్జ్ పంచుకుని ఆరున్నర వోల్టుల దగ్గర ఆగిపోయాయి. ఒక మైక్రోఫారడ్ పెడితే అదే ఛార్జ్‌కి తగ్గుదల 0.07 వోల్టు. డయోడ్ 1ఎన్4007 పెట్టింది, దాన్నీ మార్పించాను. 50 హెర్ట్జ్ రెక్టిఫయర్లకి అది మంచిదే గానీ 20 కిలోహెర్ట్జ్‌లో ఆఫ్ అయ్యేందుకు ఆలస్యం చేస్తుంది, ఆ లోపల కెపాసిటర్ నుంచి ఛార్జ్ వెనక్కి పోతుంది. యూఎఫ్4007 అయితే రికవరీ (ఆఫ్ కావడానికి పట్టే సమయం) 75 నానోసెకన్లు.

గురువారం

పొద్దున్నే మెసేజ్: "సార్, అంతా బాగుంది, 100 శాతం డ్యూటీలో కూడా పనిచేస్తోంది!"

పనిచేయకూడదు. 100 శాతం డ్యూటీ అంటే పీరియడ్ అంతా పై మాస్‌ఫెట్ ఆన్‌లోనే ఉండటం. కింది మాస్‌ఫెట్ ఎప్పుడూ ఆన్ కాకపోతే కెపాసిటర్ మళ్ళీ నిండే వీలే లేదు. మరి సిమ్యులేషన్ ఎందుకు బాగుందంటోంది? మేం కట్టిన డ్రైవర్‌లో స్విచ్‌లు కెపాసిటర్ నుంచి ఏమీ తినవు, అసలు ఐసీ తింటుంది. ఐఆర్2104 పై భాగం గరిష్ఠంగా 55 మైక్రోఆంపియర్లు తీసుకుంటుంది. కెపాసిటర్‌కి అడ్డంగా 55 మైక్రోఆంపియర్ల కరెంట్ సోర్స్ పెట్టాం. మళ్ళీ నడిపాం. మళ్ళీ బాగానే ఉంది!

ఎందుకంటే ఆమె 20 మిల్లీసెకన్లే నడుపుతోంది. ఒక మైక్రోఫారడ్ నుంచి 55 మైక్రోఆంపియర్లు పోతే సెకనుకి 55 వోల్టుల చొప్పున తగ్గుతుంది. 20 మిల్లీసెకన్లలో తగ్గేది 1.1 వోల్టు, కంటికి ఆనదు. 200 మిల్లీసెకన్లు నడపమన్నాను. పదో వంతు సెకను దాటేసరికి గేట్-సోర్స్ వోల్టేజీ 5కి దిగింది, పై మాస్‌ఫెట్ మీద పవర్ గీత పైకి లేవడం మొదలైంది. బోర్డు మీద ఇది ఎలా కనబడుతుందో ఊహించండి: బండి జోరుగా బయల్దేరుతుంది, ఫుల్ స్పీడ్ ఇచ్చిన కాసేపటికి మెల్లగా నీరసపడుతుంది, మాస్‌ఫెట్ ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. కారణం తెలియక బ్యాటరీని అనుమానిస్తారు.

డ్యూటీ 95 శాతానికి మించకుండా కోడ్‌లోనే కట్టేయాలని నిర్ణయించాం. ప్రతి 50 మైక్రోసెకన్లలో రెండున్నర కెపాసిటర్ నింపుకోవడానికి. అందులో డెడ్ టైమ్‌లు (పైదీ, కిందిదీ రెండూ ఆఫ్‌లో ఉండే చిన్న విరామాలు) పోను ఒకటిన్నర మిగులుతుంది, అది చాలు.

డెడ్ టైమ్ మాట వచ్చింది కాబట్టి ఆ సంగతీ ఇక్కడే. డ్రైవర్ లేని పాత ఫైలులో ఆమె పై, కింది గేట్లకి ఒకదానికొకటి ఉల్టాగా పల్స్‌లు ఇచ్చింది, ఒకటి పడే క్షణంలోనే రెండోది లేస్తుంది. రైజ్ టైమ్, ఫాల్ టైమ్ (పల్స్ లేవడానికి, పడటానికి పట్టే సమయం) సున్నా రాసింది. సున్నా రాస్తే ఎల్‌టీస్పైస్ సున్నా తీసుకోదు, తన లెక్కలో ఒక విలువ వేసుకుంటుంది. అది మనం అనుకున్నదానికంటే చాలా పెద్దది. పైది ఇంకా పూర్తిగా మూసుకోక ముందే కిందిది తెరుచుకుంటోంది, ఆ సందులో సప్లై నుంచి గ్రౌండ్‌కి నేరుగా పదుల ఆంపియర్ల ముల్లు. ఆమె దాన్ని చూసి సిమ్యులేషన్ నాయిస్ అనుకుని వదిలేసిందట. సప్లై కరెంటులో ప్రతి పీరియడ్‌కీ ఒకే చోట వచ్చే ముల్లు నాయిస్ కాదు. రైజ్, ఫాల్ 20 నానోసెకన్లు అని స్పష్టంగా రాశాం. ఐఆర్2104 లోపలే 520 నానోసెకన్ల డెడ్ టైమ్ ఉంటుంది, మా స్విచ్ డ్రైవర్‌లోనూ అంతే పెట్టాం. ఆఫ్ చేయడానికి 71 నానోకూలుంబ్‌లని 270 మిల్లీఆంపియర్లతో లాగితే సుమారు 260 నానోసెకన్లు పడుతుంది, కాబట్టి సగం సమయం చేతిలో మిగిలినట్టే. ముళ్ళు పోయాయి.

శుక్రవారం

ఇప్పటిదాకా మోటార్ అంటే రెసిస్టరే. మాస్‌ఫెట్‌ల సంగతి తేల్చడానికి అది చాలు గానీ మోటార్ రెసిస్టర్ కాదు. ఇవాళ దాన్ని మోటార్‌ని చేశాం. నాకు ఈ ప్రాజెక్టులో బాగా నచ్చిన పని ఇదే.

కరెంటు వైపు మూడు వస్తువులు: 1.5 ఓమ్‌లు, 1 మిల్లీహెన్రీ, వేగానికి తగ్గట్టు పెరిగే బ్యాక్ ఈఎంఎఫ్ (తిరిగే మోటార్ తానే పుట్టించే ఎదురు వోల్టేజీ). మోటార్ కాన్‌స్టంట్ 0.036 అని ఆమె వేగం, వోల్టేజీ కొలిచి తేల్చింది. సెకనుకి ఒక రేడియన్‌కి 0.036 వోల్టు, అదే అంకె ఒక ఆంపియర్‌కి న్యూటన్-మీటర్లలో టార్క్ కూడా. యాంత్రిక భాగాన్ని కూడా సర్క్యూట్‌గానే రాయొచ్చు: టార్క్‌ని కరెంటు అనుకోవాలి, వేగాన్ని వోల్టేజీ అనుకోవాలి. అప్పుడు జడత్వం కెపాసిటర్, ఘర్షణ రెసిస్టర్. చక్రంతో కలిపి జడత్వం 0.00002 కిలోగ్రామ్-చదరపు మీటర్లు అనుకున్నాం, అది 20 మైక్రోఫారడ్ల కెపాసిటర్ అయింది. ఖాళీగా తిరిగేటప్పుడు 0.2 ఆంపియర్ తీసుకుంటుంది, దాన్ని బట్టి ఘర్షణ 45 కిలో ఓమ్‌లు. ఆ కెపాసిటర్ మీద వోల్టేజీ 325కి చేరితే మోటార్ సెకనుకి 325 రేడియన్లతో, అంటే నిమిషానికి సుమారు 3100 చుట్లు తిరుగుతున్నట్టు. ఆమె ఆ నోడ్‌కి "వేగం" అని పేరు పెట్టింది.

ఇండక్టెన్స్ రాగానే కరెంటు గీత రంపపు పళ్ళలా, అందంగా మారింది. సగం డ్యూటీ దగ్గర ఊగులాట 0.15 ఆంపియర్. చేత్తో కట్టిన లెక్కా, గీతా ఒక్కటయ్యాయి. డెడ్ టైమ్‌లో కరెంటు ఆగలేక మాస్‌ఫెట్ లోపలి డయోడ్ గుండా పోవడం కూడా కనబడింది. అంతకుముందు ఎప్పుడో ఆమె మాస్‌ఫెట్‌ల బదులు వట్టి స్విచ్‌లు పెట్టి, కాయిల్ కలిపితే కిలోవోల్టులు వచ్చాయని భయపడి ఆపేసిందట. అదీ సిమ్యులేటర్ తప్పు కాదు. నడుస్తున్న కరెంటుకి దారి మూసేస్తే ఇండక్టర్ ఎంత వోల్టేజీ అయినా పెంచుతుంది. డయోడ్ లేని స్విచ్‌కి భరించే హద్దు లేదు, కాబట్టి ఆ అంకెకీ హద్దు లేదు.

ఒక ఇబ్బంది ఎదురైంది. మోటార్ వేగం పుంజుకోవడానికి టైమ్ కాన్‌స్టంట్ 23 మిల్లీసెకన్లు. స్థిరపడేదాకా చూడాలంటే 100 మిల్లీసెకన్లు కావాలి. గేటు అంచులు సరిగ్గా కనబడాలంటే సిమ్యులేషన్ లెక్కలో ఒక్కో అడుగు 100 నానోసెకన్లకి మించకూడదు. అంటే పది లక్షల అడుగులు, ఫైలు బరువెక్కి కంప్యూటర్ మూలుగుతుంది. రెండింటినీ ఒకే పరుగులో చూడాలన్న పట్టుదల వదిలేయమన్నాను. గేట్లు, డెడ్ టైమ్, ముళ్ళు చూడటానికి కొద్ది పీరియడ్లు మాత్రమే నడిచే ఫైలు ఒకటి. వేగం చూడటానికి బ్రిడ్జ్‌ని తీసేసి డ్యూటీకి తగిన సగటు వోల్టేజీ ఇచ్చే ఫైలు ఇంకొకటి, అది చిటికెలో అయిపోతుంది.

శనివారం

వేగం ఫైలుతో ఆమె స్వయంగా పరీక్షలు రాసుకొచ్చింది. ముందుకి పూర్తి వేగంతో పోతున్న బండికి హఠాత్తుగా వెనక్కి కమాండ్ ఇస్తే? బ్యాక్ ఈఎంఎఫ్ 11.7 వోల్టులు, దానికి సప్లై 12 తోడవుతుంది. 1.5 ఓమ్‌ల మీద 15.8 ఆంపియర్లు. మోటార్ ఇరుక్కున్నప్పటి కరెంటుకి రెట్టింపు. మాస్‌ఫెట్ 33 ఆంపియర్లది కాబట్టి కాసేపు తట్టుకుంటుంది గానీ, బ్రష్‌లకీ గేర్లకీ ఆ దెబ్బ ఎందుకు?

ఇంకో పరీక్ష నేను అడిగాను. 95 శాతం డ్యూటీలో పోతూ ఒక్కసారిగా 30కి తగ్గించు. అయితే ముందు సప్లైని మార్చు. సిమ్యులేషన్‌లో 12 వోల్టుల సోర్స్ కరెంటు ఇస్తుంది, ఎదురొస్తే మింగేస్తుంది కూడా. బెంచ్ మీద వాడే అడాప్టర్ ఇవ్వడమే గానీ మింగలేదు. అందుకని సప్లైకి సిరీస్‌లో ఒక ఆదర్శ డయోడ్ పెట్టించాను.

ఫలితం చూసి ఆమెకి టెన్షన్ పట్టుకుంది. వేగం తగ్గించగానే 12 వోల్టుల లైను దాదాపు 30కి ఎక్కింది. తిరిగే మోటార్ జనరేటర్ అయింది, బ్రిడ్జ్ దాని కరెంటుని వెనక్కి నెట్టింది, వెళ్ళడానికి వేరే దారి లేక అదంతా 470 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌లో చేరింది. ఐఆర్2104 సప్లై పిన్ భరించే గరిష్ఠం 25 వోల్టులు. మాస్‌ఫెట్ గేటు భరించేది 20, గేటుకి వచ్చేది ఈ లైను నుంచే. 100 వోల్టుల మాస్‌ఫెట్ పెట్టాం కదా అని నిశ్చింతగా ఉంటే ముందు పోయేది డ్రైవర్, దాని వెనకే గేటు.

అదే డయోడ్ తీసేసి, బ్యాటరీలా 0.2 ఓమ్ రెసిస్టెన్స్‌తో సోర్స్ పెడితే లైను 0.3 వోల్టు మాత్రమే కదిలింది. బండి నడిచేది బ్యాటరీ మీదే, కాబట్టి బెంచ్ పరీక్షలు కూడా ఫ్యూజు పెట్టి బ్యాటరీ మీదే చేయాలని తీర్మానం. లైనుకి అడ్డంగా 18 వోల్టుల దరిదాపుల్లో పట్టి ఆపే క్లాంప్ డయోడ్ కూడా బోర్డులో చేర్చింది.

దిశ మార్చే సమస్యకి ఆమె కనుక్కున్న పరిష్కారం నా కంటే చక్కగా ఉంది. రెండు డ్రైవర్ల ఇన్‌పుట్‌లూ సున్నా చేస్తే కింది మాస్‌ఫెట్‌లు రెండూ ఆన్ అవుతాయి, మోటార్ రెండు కొనలూ గ్రౌండ్‌కి కలిసిపోతాయి. కరెంటు 7.8 ఆంపియర్లతో మొదలై 23 మిల్లీసెకన్ల టైమ్ కాన్‌స్టంట్‌తో తగ్గిపోతుంది. శక్తి అంతా దాదాపుగా వైండింగ్‌లోనే వేడిగా పోతుంది, సప్లై లైను కదలదు. 100 మిల్లీసెకన్లు అలా పట్టుకుని, తర్వాత వెనక్కి కమాండ్. "ఆ టైమ్‌లో బూట్‌స్ట్రాప్ కెపాసిటర్లు రెండూ నిండిపోతాయి కూడా సార్," అంది. అది నేను చెప్పకముందే చూసింది.

ఆదివారం

సోల్డరింగ్‌కి సరే అన్నాను. ముందు ఒక డ్రైవర్, రెండు మాస్‌ఫెట్‌లు, అంటే సగం బ్రిడ్జ్ మాత్రమే. మోటార్ బదులు 100 ఓమ్‌ల పవర్ రెసిస్టర్ మధ్య నోడ్ నుంచి గ్రౌండ్‌కి; సప్లై కరెంట్ లిమిట్ అర ఆంపియర్ దగ్గర. 100 ఓమ్‌లకి అందేది 0.12 ఆంపియర్, వేడి వాటున్నర కూడా కాదు, కాబట్టి ఆ లిమిట్ తగిలిందంటే షూట్-త్రూ (పైదీ, కిందిదీ ఒకేసారి ఆన్ అయి సప్లై షార్ట్ కావడం) ఉన్నట్టే. ఈ లోడ్ తిరగదు, వెనక్కి ఏమీ పంపదు, కాబట్టి ఇక్కడికి బెంచ్ సప్లై చాలు. మోటార్ కలిపాక బ్యాటరీ.

ఒక హెచ్చరిక ప్రత్యేకంగా రాసి పంపాను. సిమ్యులేషన్‌లో గేటు నుంచి సోర్స్‌కి మౌస్ లాగినట్టు, ఆసిలోస్కోప్ ప్రోబ్ గ్రౌండ్ క్లిప్పుని పై మాస్‌ఫెట్ సోర్స్‌కి తగిలించకూడదు. మామూలు స్కోపుల్లో ఆ క్లిప్పు ఎర్త్‌కి కలిసి ఉంటుంది. సప్లై నెగటివ్ కూడా ఎక్కడైనా ఎర్త్ అయి ఉంటే, పై మాస్‌ఫెట్ ఆన్ అయిన క్షణంలో 12 వోల్టులు నేరుగా షార్ట్. రెండు ప్రోబ్‌లు వాడాలి, రెండు క్లిప్పులూ గ్రౌండ్‌కే ఉండాలి, ఒకటి గేటు మీద, ఒకటి సోర్స్ మీద. తేడా స్కోపులో మ్యాథ్ బటన్‌తో చూడాలి.

సిమ్యులేషన్‌లో వచ్చిన ఆ తేడా గీతని ఆమె ప్రింట్ తీసి బెంచ్ దగ్గర పెట్టుకుంది. బోర్డు మీద 11 వోల్టుల బదులు 8 వస్తే ముందు డయోడ్, కెపాసిటర్ చూడాలి, 4 వస్తే బూట్‌స్ట్రాప్ అసలు నిండటమే లేదు. సగం బ్రిడ్జ్ కొలతలు వచ్చాక మిగతా సగం మొదలుపెడతాం.